తుడిచేసిన తుయిలావా

ఎనెలీకి సగం సగం పనంటే ఒళ్ళుమంట. హార్డ్ డిస్క్ ఫార్మాట్ చెయ్యమంటే మిగతావాళ్ళలాగా క్షణంలో అయిపోయే రకం కొట్టేసి చేతులు దులుపుకునేవాడు కాదు. "అది తుడవడం కాదు, ఇంటి ముందు పేరు పలక పీకెయ్యడం. లోపల మనుషులు అట్లాగే కూర్చునుంటారు. ఎవడైనా వచ్చి తలుపు తడితే పలుకుతారు" అనేవాడు. వాడిది మొత్తం పద్ధతి. డిస్క్ మొదటి గడి నుంచి చివరి గడి దాకా సున్నాలు రాయించేవాడు. పొద్దున మొదలెడితే భోజనాలవేళ దాటిపోయేది. డిస్క్ గిర్రుమని తిరుగుతుంటే పక్కనే కూర్చుని చేమదుంప నములుతూ, తెర మీద నీలం గీత చీమలా పాకడం చూసేవాడు. గీత చివరికంటా పోయాక ఆ డిస్క్‌లోంచి దేవుడు దిగొచ్చినా ఒక్క ఫోటో బయటికి లాగలేడు.

ఈ విద్య వాడు సిడ్నీ జైల్లో నేర్చుకున్నాడు. ఆఫీసులు పారేసిన కంప్యూటర్లు అక్కడికి లారీల్లో వచ్చేవి. ఖైదీలు వాటిని తుడిచి, విప్పి, ఇనుము ఇనుముకీ రాగి రాగికీ వేరు చేసేవాళ్ళు. జైలుకెందుకు పోయాడంటే, సారా దుకాణం బయట కార్లు పెట్టే చోట ఒకడి దవడ విరగ్గొట్టాడు. బాక్సింగ్ నేర్చిన చేతులు. ఒక దెబ్బతో ఊరుకోలేదు. కిందపడ్డాక కూడా కొట్టాడు. అది తప్పని తెలుసు, కొడుతున్నప్పుడూ తెలుసు. అదే వాడితో వచ్చిన గొడవ.

శిక్ష అయిపోయాక, నువ్వు ఈ దేశపు పౌరుడివి కాదు పొమ్మన్నారు. ఆరేళ్ళప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని సమోవా వదిలినవాణ్ణి ముప్పై దాటాక పోలీసులు రెక్క పట్టుకుని విమానం ఎక్కించారు. దిగేసరికి నోట్లో ఉన్నది ఆరేళ్ళ పిల్లాడి భాష. మర్యాద మాటలు ఒక్కటీ రావు. ఊరిపెద్దల్ని పట్టుకుని "రా, కూర్చో, తిన్నావా" అనేవాడు. మెడ మీద పచ్చబొట్టు, దున్నపోతు భుజాలు, పసిపిల్లాడి మాట. నవ్వాలో పారిపోవాలో జనానికి తెలిసేది కాదు.

సమోవాలోని సవాయీ దీవిలో వాణ్ణి చేరదీసినవాడు పెదనాన్న తావితా ఒక్కడే. ఊరి సభలో మాట్లాడే హోదా ఉన్న కుటుంబపెద్ద. బక్కమనిషి, మాట మాత్రం గొడ్డలి. వచ్చిన రోజే చెప్పాడు: "ఈ ఇంట్లో తిండి ఉంది, పడుకోవడానికి చాప ఉంది. చెయ్యెత్తావా, రెండూ ఉండవు."

ఎనెలీ చెయ్యెత్తలేదు. సలేలోలోంగా అనే ఊళ్ళో, పడవల రేవు నుంచి సంతకు పోయే దారిలో, రొట్టెల దుకాణం వెనక రేకుల గది ఒకటి తీసుకున్నాడు. ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో ఉన్న చుట్టాలు పీపాల్లో కుక్కి పంపే పాత కంప్యూటర్లని తుడిచి, నిలబెట్టి, అమ్మేవాడు. చెడిపోయినవి బాగుచేసేవాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడ్డానికి పెదనాన్న కూతురు పేపేని కూర్చోబెట్టాడు. పేపేకి నోరెక్కువ, కానీ ఆ నోట్లో మర్యాద మాటలన్నీ ఉన్నాయి.

ఆ మర్యాదే కొంప ముంచింది.

మాతాలోవా అనే ఊళ్ళో తుయిలావా అని ఒక పట్టం ఉంది. పాత తుయిలావా పోయాక వంశం రెండుగా చీలి, ఎవరికి కట్టాలో తేలక, చివరికి ఇద్దరికీ కట్టారు. పట్టం ఒకటి, మోసే తలలు రెండు. సముద్రం వైపు ఇంట్లో ఒక తుయిలావా, కొండ వైపు ఇంట్లో ఒక తుయిలావా. చాటున జనం ఒడ్డాయన, కొండాయన అనుకుంటారు. ఎదురుగా మాత్రం ఇద్దరూ తుయిలావా గారే. పట్టం కట్టాక చిన్నప్పటి పేరు పెట్టి పిలవడమంటే లుంగీ లాగినట్టే. ఒడ్డాయన కోర్టుకెక్కాడు, కొండాయనది అసలు మా రక్తమే కాదని. నెలాఖరుకి విచారణ. ఈలోగా రెండు ఇళ్ళ కుర్రాళ్ళూ ఒకే దారిలో ఎదురైతే చేతిలో కత్తి ఉన్నవాడు పిడి సర్దుకుంటున్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే రెండిళ్ళ కంప్యూటర్లూ దుకాణానికొచ్చాయి. రెండూ ఒకే రకం నల్లడబ్బాలు, ఒకే ఆక్లండ్ బడి పారేసినవి. ఒడ్డాయనది వెలగడం లేదు, కరెంటు డబ్బా మార్చమన్నారు. కొండాయనదాంట్లో కొడుకులు చూడకూడనివి చూసి రోగాలన్నీ ఎక్కించారు, మొత్తం తుడిచెయ్యమన్నారు. రెండూ పేపేనే తీసుకుంది. తెల్లటేపు చించి రెంటి మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో 'తుయిలావా' అని రాసి అంటించింది.

"అన్నా, తుయిలావా గారిది పూర్తిగా తుడిచెయ్యమన్నారు" అని కేకేసి రొట్టెలకు పోయింది.

ఎనెలీ బల్ల కింద చూశాడు. తుయిలావా. రెండోది అటక మీద పీపా చాటున ఉంది. వాడికి కనపడలేదు, కనపడాలని వాడికీ తెలీదు. ఒక మనిషికి ఒక పేరుంటుంది, ఒక పేరుకి ఒక మనిషుంటాడు అనుకునే ఊళ్ళో పెరిగాడు. మీట నొక్కితే డబ్బా వెలగలేదు. "పాపం, ఇది చెప్పడం మర్చిపోయినట్టున్నాడు" అనుకుని డిస్క్ విప్పి తన మిషన్‌కి తగిలించాడు. నీలం గీత పాకింది. పొద్దుగూకే ముందు, అడక్కపోయినా కరెంటు డబ్బా కూడా మార్చిపెట్టాడు. చేసినపనికి మురిసిపోయాడు.

మర్నాడు ఒడ్డాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు, గట్టిగా మాట్లాడని మనిషి. కొడుకు ఫాలనికో తండ్రికి పూర్తిగా ఎదురు. పాతికేళ్ళవాడు, ఎప్పుడూ ఎవడో తనని అవమానించబోతున్నట్టు చూస్తాడు.

ఎనెలీ డబ్బా వెలిగించాడు. "చూడు, కొత్తది చేసిపెట్టా నీకు."

తండ్రిని ఏకవచనంలో పిలిచినందుకు ఫాలనికో పళ్ళు కొరికాడు. ముసలాయన పట్టించుకోలేదు. తెర మీద వంగి ఇటు నొక్కాడు, అటు నొక్కాడు.

"నా గొంతులేవి?" అన్నాడు.

"ఏం గొంతులు?"

"మా మేనత్తవి. మనోనో దీవి ముసలమ్మవి. సమాధుల ఫోటోలు. అన్నీ ఇందులోనే ఉన్నాయి బాబూ."

ఏళ్ళ తరబడి ఆయన పడవలెక్కి తిరిగి, వంశం కథ తెలిసిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరు ఎవరికి పుట్టారో వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేసుకున్నాడు. వాళ్ళలో సగంమంది ఇప్పుడు మట్టిలో ఉన్నారు. నెలాఖరుకి కోర్టులో వినిపించాల్సినవి అవే.

అప్పుడే రొట్టెలతో లోపలికొచ్చిన పేపే, వెలుగుతున్న డబ్బా చూసింది, దానిముందు వంగిన మనిషిని చూసింది. సంచీ జారిపోయింది.

"అన్నా, నువ్వు తుడిచింది ఏది?"

"తుయిలావాది."

"ఏ తుయిలావా?"

పేపే అటక మీద పీపా చాటున ఉన్న రెండో నల్లడబ్బా వైపు చెయ్యి చూపించింది.

"పోయినవి తీసే మిషన్లుంటాయటగా పట్నంలో, ఆపియాలో. తీసిపెట్టు" అన్నాడు ఫాలనికో.

"రావు."

"రావంటే?"

"నేను తుడిస్తే రావు. నా పని అట్లాంటిది." గొప్పకు అనలేదు. రోజూ చెప్పే మాట అలవాటుగా జారింది. కానీ ఆ క్షణంలో అది గొప్పలాగే వినపడింది.

ఫాలనికో బల్ల మీది మానిటర్ ఎత్తి ఎనెలీ నెత్తిన వేశాడు. గాజు పగిలింది. రెండో దెబ్బ కీబోర్డుతో, మూడోది మోకాలితో. ఎనెలీ మూడూ తిన్నాడు. నాలుగోది వస్తుండగా వాడి ఎడమ చెయ్యి వాణ్ణి అడక్కుండా లేచింది, వెనకాలే కుడిచెయ్యి. చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. ఫాలనికో ముక్కు చెంప మీదికొచ్చింది. తెల్లచొక్కా మీద కొడుకు రక్తం చిమ్మింది. ముసలాయన గొడుగు చంకలో పెట్టుకుని, కొడుకుని లేపి తీసుకెళ్ళిపోయాడు. ఆ డబ్బా అక్కడే వదిలేశాడు.

అది ఉత్త తప్పుగానే మిగిలుంటే ఏదో ఒక దారి ఉండేది. కానీ కొండాయనకి ఎగతాళి పిచ్చి. సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వి, మర్నాడు కాల్చిన పందిని ఆకుల్లో చుట్టి, పూలదండ దాని మెడకేసి, ట్రక్కులో దుకాణానికి పంపాడు. తెచ్చినవాడు సంత నిండా వినపడేట్టు అరిచాడు: "ఎనెలీ! మా తుయిలావా గారి కానుకయ్యా! శుభ్రంగా తుడిచావు, చేతులు చల్లగా ఉండాలన్నారు!"

ఇంకేముంది. డబ్బు తీసుకుని తుడిచాడని ఊరూరా అయిపోయింది. పొయ్యి లేకుండానే అందరి నోళ్ళలో ఉడికింది ఆ పంది. పొద్దువాలే సరికి ఎవరో రేకుల గదికి నిప్పంటించారు. ప్లాస్టిక్ కాలిన కంపు రేవు దాకా పోయింది. రొట్టెల దుకాణం వెనకగోడ కూడా నల్లబడింది. మర్నాడు కొండాయన మేనల్లుడు ఒకడు కొబ్బరికాయలు వేసుకుని వస్తుంటే ఒడ్డువైపు కుర్రాళ్ళు దారికాసి చేతిమీద నరికారు. కత్తి ఎముకలో ఇరుక్కుంటే కాలితో తన్ని లాక్కున్నారు. ఆ సాయంత్రం కొండవైపు ఇళ్ళలో కత్తులు నూరే ఆకురాయి చప్పుడు తప్ప ప్రార్థన పాట వినపడలేదు.

పెదనాన్న తావితా ఎనెలీని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"సామాను సర్దుకున్నాను పెదనాన్నా. చెయ్యెత్తా కదా. పోతాను" అన్నాడు ఎనెలీ.

"ఎక్కడికి? మునుపొకసారి నిన్ను విమానం ఎక్కించినవాళ్ళున్నారు. ఇక్కణ్ణుంచి ఎక్కించడానికి ఎవరున్నారు?"

"పోలీసులకి లొంగిపోతా."

"పోలీసులు నిన్ను లోపలేస్తారు. బయట వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నరుక్కుంటారు. నీ తప్పు, వాళ్ళ శవాలు. బాగుందా లెక్క?" తావితా ఉమ్మేశాడు. "రేపు తెల్లారకముందు ఇఫోంగాకి వెళ్తున్నాం."

ఎనెలీ చిన్నప్పుడు ఆ మాట విన్నాడు. తప్పు చేసినవాడు బంధువులతో పోయి, ఎదుటివాళ్ళ గడప ముందు తలలు వంచి చాపలు కప్పుకుని కూర్చోవాలి. పొయ్యిరాళ్ళు, కట్టెలు, ఆకులు తమతోనే తీసుకెళ్ళాలి. మేము మీ పందులం, కావాలంటే కాల్చుకోండి అని. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే వాళ్ళిష్టం.

"కొడితే?"

"కొడతారు."

"నా చేతులు నా మాట వినవు పెదనాన్నా. నువ్వు చూడలేదు. కట్టెయ్యి. వెనక్కి విరిచి కట్టెయ్యి."

"కట్టేసిన పంది క్షమాపణ అడుగుతుందిట్రా?" అన్నాడు తావితా. "చేతులు విడిగా ఉండాలి. ఉండి లేవకూడదు. నువ్వు లేచావంటే అక్కడ కూర్చున్న మా అందరి తలలూ వాళ్ళ కత్తికి అప్పజెప్పినట్టు. నేనుంటాను, మా తమ్ముళ్ళుంటారు."

"నేనూ ఉంటాను, టేపు అంటించింది నేను" అంది పేపే మూలనుంచి.

"నువ్వు నోర్ముయ్."

"మూసుకునే కూర్చుంటా. చాప కింద మాట్లాడరుగా."

మసకచీకట్లో ఒడ్డాయన ఇంటిముందు గులకరాళ్ళ మీద కూర్చున్నారు. తావితా ఇంట్లో తరాలుగా దాచిన నేతచాప, పట్టులా మెత్తగా, ఈకల అంచుతో, తావితా మీదా ఎనెలీ మీదా పరిచి ఉంది. మిగతావాళ్ళు వెనక. ముందు పొయ్యిరాళ్ళ కుప్ప, కట్టెలు. సముద్రం హోరు తప్ప చప్పుడు లేదు. తర్వాత కుక్క అరిచింది. లోపల ఎవరో లేచారు. దీపం వెలిగింది. ఎవరూ బయటికి రాలేదు.

తెల్లవారింది. చాపలోంచి వెలుతురు గోధుమరంగులో దిగింది. ఎనెలీకి చెమటలు. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. రాయి రాయికి తగిలిన శబ్దం. ఎవరో కుప్పలోంచి ఒకటి ఏరుకుంటున్నారు. తామే మోసుకొచ్చిన రాయి.

మొదటిది భుజం మీద పడింది. రెండోది వెన్నుపూస మీద. ఊపిరి ఆగిపోయింది. విసిరేవాడి ముక్కు బుస కొడుతోంది, విరిగిన ముక్కు. అది ఫాలనికో అని ఎనెలీకి తెలిసిపోయింది. తెలిసిన వెంటనే వాడి ఒళ్ళు మొత్తం లెక్క కట్టేసింది: లేచి రెండడుగులు, ఎడమచెయ్యి డొక్కలో, వంగగానే మోకాలు. చాలా సులువు. చేతులు రెండూ నేలకి ఆనించి గులకరాళ్ళు పిడికిట్లో పట్టి నొక్కాడు. గోళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చేదాకా నొక్కాడు.

"పంది తిన్నావు కదరా!" అరిచాడు ఫాలనికో. "మా మేనత్త గొంతు అమ్ముకుని పంది తిన్నావు! లేరా! బాక్సర్‌వి కదా, లే!"

మూడో రాయి ఎనెలీకి తగల్లేదు. పక్కన మెత్తగా ఏదో పగిలిన చప్పుడైంది. తావితా "హా" అన్నాడు, అంతే, బరువు దించుకున్నవాడిలా. చాపకింద నెత్తురు వెచ్చగా కారి ఎనెలీ మోచేతికి తగిలింది. వెనకనుంచి పేపే నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు మూలిగింది.

ఎనెలీ మోకాలొకటి లేచింది.

చాపకింద తావితా చెయ్యి వెతుక్కుంటూ వచ్చి వాడి మెడ వెనక పడింది. బలం లేదు ఆ చేతిలో. పిల్లి పిల్లని కూడా ఆపలేదు. ఎనెలీ ఆ చెయ్యి కింద ఆగిపోయాడు. మోకాలు దించాడు. చాప అంచు నోట్లో పెట్టుకుని కొరికాడు. పై దెబ్బలన్నీ అట్లాగే తిన్నాడు. పక్కటెముక ఒకటి పోయింది, అది తర్వాత తెలిసింది.

ఒడ్డాయన ఎంతసేపు చూస్తూ కూర్చున్నాడో ఆయనకే తెలియాలి. చివరికి వచ్చి చాప పట్టుకుని లాగాడు. లాగి తావితా ముఖం చూశాడు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. ఆయన అరవడం ఊరివాళ్ళు అదే మొదటిసారి వినడం.

"చాపకింద కూర్చున్నవాణ్ణి కొట్టినవాడు మన వంశంలో పుట్టలేదని మా మేనత్త చెప్పింది! ఆవిడ గొంతు ఆ డబ్బాలో ఉండేది. కోర్టులో వినిపించాలనుకున్నా. ఇంక ఏం వినిపించను? అది పోయినందుకు ఏడ్చానురా నేను. ఇప్పుడు ఉండి ఉంటే నేనే తుడిపించేవాణ్ణి!"

ఫాలనికో చేతిలో రాయి అట్లాగే ఉండిపోయింది.

తావితాని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కన్ను దక్కలేదు. ఇప్పుడు లెక్క తిరగబడింది. తప్పు ఎనెలీ వైపు నుంచి ఒడ్డాయన ఇంటికి పోయింది. తావితా తమ్ముళ్ళ కొడుకులు కత్తులు పట్టుకుని గుమ్మం ముందు కూర్చున్నారు. కొండాయన కబురు పంపాడు, మనుషులు కావాలంటే ఇస్తానని. "ఇంకో పంది కూడా ఇస్తాడేమో అడగండి" అంది పేపే. అందరి చూపూ ఎనెలీ మీదే. "అన్నా, నీ మాట కోసమే ఉన్నాం. కన్నుకి కన్ను తియ్యాలా, తల తియ్యాలా?" అన్నాడు ఒకడు. పక్కటెముకలకి గుడ్డ చుట్టుకుని పడుకున్న ఎనెలీ గోడవైపు తిరిగాడు. వద్దని కాదు. నోరు తెరిస్తే "పదండి" అని వస్తుందేమోనని.

తావితా కట్టుతో ఇంటికొచ్చిన మర్నాడు తెల్లారేసరికి ఒడ్డాయన మనుషులు తావితా ఇంటిముందు గులకరాళ్ళ మీద ఉన్నారు. చాపలు, రాళ్ళు, కట్టెలు, అన్నీ. ముందు చాపకింద రెండు ఆకారాలు. ఒకటి గొడుగులా వంగిన ముసలిది. ఒకటి వెడల్పుది.

"ఈ చాప ఎత్తాల్సింది నేను కాదు" అన్నాడు తావితా ఎనెలీతో, లోపల పడుకునే. "చాప పట్టుకోవడానికి కన్ను కనపడాలి. నువ్వు వెళ్ళు. ఎత్తుతావో కొడతావో నీ ఇష్టం. నేను అడగను."

ఎనెలీ గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కింది. చాపకింద మనుషుల నీడలు కాళ్ళకిందికి పోయాయి. తమ్ముళ్ళ కొడుకులు వెనక గొణుగుతున్నారు. కాలు కదపాలంటే భయం వేసింది వాడికి. కదిలితే ఎటు పోతుందో తెలీదు.

చివరికి మెట్లు దిగాడు. రాళ్ళ కుప్ప పక్కనుంచి పోతుంటే చెయ్యి దానివైపు వాలింది, ఆ చెయ్యి వెనక్కి లాక్కుని లుంగీకి తుడుచుకున్నాడు. వంగి చాప పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

ముసలాయన తలెత్తలేదు. ఫాలనికో లేవలేకపోయాడు. పొద్దుటినుంచి కూర్చుని కాళ్ళు చచ్చుబడ్డాయి. లేపుదామని ఎనెలీ వంగి వాడి భుజాలు పట్టుకున్నాడు. మీద పడిన ఆ దున్నపోతు భుజాలు చూసి, ఇంక చచ్చాననుకున్నాడు కాబోలు ఫాలనికో, ముందున్న చేతిని నోటితో పట్టి కొరికేశాడు. ఊరికే కాదు, పళ్ళు దిగబడేట్టు. బొటనవేలి కింద కండ ఊడి వేలాడింది.

కత్తులు లేచాయి. పేపే అరిచింది. ఎనెలీ రెండో చెయ్యి పిడికిలై గాల్లోకి పోయింది. ఆ పిడికిలి కింద ఫాలనికో కళ్ళు మూసుకున్నాడు, కానీ కరిచింది వదల్లేదు. వాడి గడ్డం మీదుగా ఎనెలీ రక్తం కారుతోంది. 

"ఏమైందిరా?" లోపలినుంచి తావితా.

ఎనెలీ పిడికిలి ఇంకా గాల్లోనే ఉంది.

"ఏం లేదు పెదనాన్నా. కరిచాడు."

"గట్టిగానా?"

"గట్టిగానే."

"పొద్దుటినుంచి తిన్లేదుగా. లోపలికి తీసుకురా, తిండి పెట్టండి."

ఎనెలీ పిడికిలి విప్పాడు. విప్పిన చెయ్యి ఫాలనికో నెత్తిన పెట్టి, వాడు దవడ వదిలేదాకా అట్లాగే నిలబడ్డాడు.